‘అయినా’ అన్న మాట

భవానీపూర్ వీధుల పేర్లను చదువుతూ నడిచే బాటసారికి బెంగాలు దేశపు నవీన చరిత్రలో కొంత భాగం కాలినడకనే తెలిసిపోతుంది. హరీశ్ ముఖర్జీ రోడ్డు, నీలిమందు రైతుల పక్షాన ‘హిందూ పేట్రియట్’ పత్రికను నడిపి 1861లో ముప్పయ్యేడేళ్ళ ప్రాయంలో కన్నుమూసిన సంపాదకుని జ్ఞాపకం. ఒకప్పటి రసా రోడ్డులో ఒక భాగం నేడు కలకత్తా విశ్వవిద్యాలయాన్ని తీర్చిదిద్దిన అశుతోష్ ముఖర్జీ పేర ఉన్నది. ఎల్గిన్ రోడ్డులోని ఇంటి నుండి 1941 జనవరిలో ఒక రాత్రి సుభాస్ చంద్ర బోసు మారువేషంతో వెడలిపోయినాడు. ఈ వీధులలోనే సిక్కుల గురుద్వారా ఉన్నది. గుజరాతీల విద్యాసంస్థలు ఉన్నవి. మార్వాడీల మేడలు, ఒడియా వంటవారి గదులు, బీహారీ పాలవారి కొట్టాలు తరతరాలుగా ఇరుగుపొరుగున నిలిచినవి. కొంచెం దక్షిణంగా నడిస్తే లేక్ మార్కెట్టు వస్తుంది. అక్కడ కాఫీగింజల వాసన, అరటాకులు, కరివేపాకు, నాలుగు దక్షిణ భాషలు.

ఇందరు కలిసి ఒకే జదుబాబు బజారులో బేరమాడుకొనే చోట ద్వేషం బాహాటంగా తిరగడానికి వీలులేదు. సాధారణంగా తిరగదు కూడ. తిరిగేది వేరొకటి. అది మెప్పుదల రూపంలో ఉంటుంది. ‘మద్రాసీ అయినా మనిషి మంచివాడు.’ ‘ముసల్మాను అయినా ఇల్లు ఎంత శుభ్రంగా ఉంచుకొన్నాడో!’ ‘పిల్ల నలుపే అయినా ముఖం కళగా ఉన్నది.’ బెంగాలీలో ఈ ‘అయినా’ను ‘హొలేఓ’ అంటారు. ఆ మాటను పలికేవారి ముఖంలో ద్వేషం వెదకినా కనబడదు. వారు నిజంగానే మెచ్చుకొంటున్నారు. తాము ఒకరిని ఎత్తడానికి పదిమందిని పడగొట్టినామన్న ఊహయే వారికి లేదు. ఎవరైనా ఎత్తి చూపితే నొచ్చుకొంటారు. ‘మంచివాడనే కదా అన్నది!’ అని ఆశ్చర్యపోతారు. ఆ ఆశ్చర్యం కపటం కాదు. పరిశీలించవలసినది దానినే.

తెలుగు వ్యాకర్తలు ఈ రూపానికి అప్యర్థకమని పేరు పెట్టినారు. ‘వాన కురిసినను వచ్చినాడు’ అన్నప్పుడు వాన కురిస్తే మనుషులు రారన్న లోకానుభవం వాక్యంలో పొందుపడి ఉంటుంది. దానిని వక్త చెప్పనక్కరలేదు, శ్రోత అడగనక్కరలేదు. ఇద్దరూ ముందే ఒప్పుకొన్నారు. ‘ముసల్మాను అయినా ఇల్లు శుభ్రంగా ఉంచుకొన్నాడు’ అన్న వాక్యం అర్థం కావడానికి కూడ అటువంటి ఒప్పుదల ఒకటి కావాలి. ఆ ఒప్పుదల ఏమిటో ఎవరూ పైకి అనలేదు. అనలేదు కాబట్టి ఎవరూ కాదనలేరు. ఆ వాక్యాన్ని ఖండించదలచినవాడు ఏమని ఖండించాలి? ‘కాదు, అతని ఇల్లు శుభ్రంగా లేదు’ అనాలా? అవునన్నా కాదన్నా అడుగున ఉన్న మాట చెక్కుచెదరదు. తిట్టు కన్న ఈ మెప్పుదల బలమైనది కావడానికి కారణం ఇదే. తిట్టుకు బదులు చెప్పవచ్చు. దీనికి బదులు చెప్పబోయినవాడు మర్యాద తెలియనివాడవుతాడు.

వాక్యాన్ని తలక్రిందులు చేసి చూస్తే సంగతి తేటపడుతుంది. ‘ముఖర్జీ అయినా ఇల్లు శుభ్రంగా ఉంచుకొన్నాడు’ అని భవానీపూర్‌లో అంటే విన్నవారు నవ్వుతారు, లేదా ముఖర్జీలకు ఏమి వచ్చిందని అడుగుతారు. ‘పిల్ల తెల్లనిదే అయినా ముఖం కళగా ఉన్నది’ అన్న వాక్యం తెలుగు దేశంలో పెళ్ళిచూపులనాడు ఎవరి నోటా రాదు. ‘అయినా’ ఎవరి పేరు వెనుక అతుకుతుందో, ఎవరి పేరు వెనుక అతకదో వ్రాసి పెట్టుకొంటే ఆ ఊరి మనస్సు పటం గీసినట్లే.

అమెరికా మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో ప్రచురించిన ‘ద నేచర్ ఆఫ్ ప్రెజుడిస్’ అనే గ్రంథంలో ఈ మానసిక వ్యాపారాన్ని చక్కగా పట్టుకొన్నాడు. ఒక వర్గంపట్ల దురభిప్రాయం ఉన్న మనిషికి ఆ అభిప్రాయానికి పొసగని వ్యక్తి ఎదురైనప్పుడు, అభిప్రాయం పోదు. కంచెలో ఒక సందు తీసి ఆ ఒక్కడిని ఇవతలకు రానిచ్చి, వెంటనే కంచెను మరల కట్టివేస్తాడు. మంచి స్నేహితుడొకడు అవతలి కులంలోనో మతంలోనో ఉన్నాడని చెప్పుకొనేవారు సాధారణంగా ఆ స్నేహితుని తమ నిష్పక్షపాతానికి సాక్షిగా నిలబెడతారు. ఆల్‌పోర్ట్ లెక్కలో అతడు కంచె ఉన్నదనడానికి సాక్షి. తెలుగులో ఆ కంచెను మరల కట్టే తాడు పేరు ‘అయినా’.

ఇక తన కంచె తనకు కనబడకపోవడం. 2002లో ఎమిలీ ప్రోనిన్, ఆమె సహచరులు ప్రచురించిన పరిశోధనలో, మనుషులు పక్షపాతాల జాబితాను చదివి, అవి లోకంలో అందరికీ ఉన్నవని ఒప్పుకొని, తమలో మాత్రం తక్కువని చెప్పినారు. ఎదుటివారి పక్షపాతాన్ని వారి చేతలనుబట్టి, తమ పక్షపాతాన్ని తమ ఉద్దేశాలనుబట్టి కొలవడం దీనికి ఒక కారణమని తరువాతి పరిశీలనలు సూచించినవి. తన మనస్సులోనికి తొంగి చూసుకొన్నవానికి అక్కడ దురుద్దేశం కనబడదు. కనబడదు కనుక లేదని నమ్ముతాడు. కాని దురభిప్రాయం ఉద్దేశంలో ఉండదు. అలవాటులో ఉంటుంది, అలవాటులోకెల్ల పాత అలవాటైన భాషలో ఉంటుంది.

అవమానమంటే ఏమిటో తెలియనివారు దీనిని గుర్తించలేదంటే వింత లేదు. భవానీపూర్ భద్రలోకులకు అది బాగా తెలుసు. 1883లో ఇల్బర్ట్ బిల్లు వచ్చినప్పుడు, భారతీయ న్యాయాధికారి ముందు తెల్లవాడు ముద్దాయిగా నిలబడటమా అని కలకత్తాలోని ఐరోపావారు సభలు పెట్టి గర్జించినారు. మరుసటి ఏట బిల్లును నీరుకార్చి, ఐరోపా ముద్దాయి సగానికి తక్కువ కాకుండ తనవారే ఉన్న జూరీని కోరుకొనే హక్కును నిలిపినారు. ఆనాడు బెంగాలీ విద్యావంతుని గూర్చి తెల్లవారు అన్న మాటలలో తిట్లకన్న ఎక్కువగా బాధపెట్టినవి మెప్పుదలలు: నేటివు అయినా ఇంగ్లీషు చక్కగా వ్రాస్తాడు, బాబు అయినా మాట మీద నిలబడతాడు. ఆ ‘అయినా’ ఎంత వాడిగా దిగుతుందో హైకోర్టు వకీళ్ళు నివసించిన ఈ వీధులకు చెప్పనక్కరలేదు.

అదే వీధులలో మరొక నిఘంటువు కూడ చలామణి అయినది. ఒడిశానుండి వచ్చినవాడు ‘ఉడే’. మార్వాడీ ‘మేడో’. హిందీ మాట్లాడేవాడు ‘ఖోట్టా’. తూర్పు బెంగాలువాడు సాటి బెంగాలీయే అయినప్పటికీ ‘బాఙాల్’. తుంగభద్ర మొదలు కన్యాకుమారి దాకా ఉన్నవారందరూ ‘మద్రాసీ’. వీటిని పలికినవారిలో ఎక్కువమంది తిట్టుతున్నామనుకోలేదు, పేరుపెట్టి పిలుస్తున్నామనుకొన్నారు. భద్రలోకుల ఇళ్ళలో వంట చేసిన ఒడియా బ్రాహ్మణుని సంగతి మరీ చిత్రం. అతనిని ‘ఠాకూర్’ అని పిలిచేవారు. ఠాకూర్ అంటే దేవుడు, ప్రభువు. చేతి వంటకు కులం కావలసివచ్చింది కనుక ఆ గౌరవం. మనిషికి మాత్రం ‘ఉడే ఠాకూర్’ అన్న ముందుమాట. దేవుని పేరును కూడ మెట్టు దింపగల శక్తి ఆ రెండక్షరాలకు ఉన్నది.

ఇంటిపని చేసే స్త్రీ విషయంలో బెంగాలీ భాష నడిచిన దారి ఇంకా తెలుసుకోదగినది. ‘ఝి’ అంటే కూతురు. ఆప్యాయంగా మొదలైన ఆ పిలుపు కాలక్రమాన దాసి అనే అర్థానికి దిగజారి, చివరకు కూతురిని ఆ మాటతో పిలవడమే తప్పుగా తోచే స్థితికి వచ్చింది. అప్పుడు భద్రకుటుంబాలు మాట మార్చుకొన్నవి. ఇప్పుడు ఆమె ‘కాజేర్ మాసీ’: పనిచేసే పిన్ని. పిన్ని మాత్రం అనేక ఇళ్ళలో నేలమీదనే కూర్చుంటుంది. ఆమె టీ తాగే కప్పు వంటింటి గూటిలో విడిగా ఉంటుంది. ఆ కప్పు ఎందుకు విడిగా ఉన్నదని ఇంటి యజమానురాలిని అడిగితే ఆమె ఆలోచించవలసి వస్తుంది. కులమని ఆమె అనదు, అనుకోదు కూడ. శుభ్రత అంటుంది. పాత్రలన్నిటినీ తోమేది ఆ పిన్నియే.

ఇంతమాత్రాన భవానీపూర్‌ను బోనులో నిలబెట్టడం అన్యాయం. దక్షిణదేశపు విద్వాంసులను పిలిచి పీఠమెక్కించినవాడు కూడ ఈ పేటవాడే. 1917లో సి. వి. రామన్ పాలిత్ ఆచార్యపీఠాన్ని అధిష్ఠించడానికి, 1921లో తిరుత్తణి తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ మైసూరు నుండి వచ్చి తత్త్వశాస్త్ర పీఠాన్ని అలంకరించడానికి కారకుడు అశుతోష్ ముఖర్జీ. 1919లో భారతీయ భాషలకు ఎం. ఏ. తరగతులు పెట్టించినది కూడ ఆయనయే. అతడు మనిషిని వెదికినాడు; ‘అయినా’ను వెదకలేదు. ఒకే వీధిలో రెండు అలవాట్లూ పక్కపక్కన బ్రతకగలవు. ఒకే మనిషిలో కూడ బ్రతకగలవు.

అందుకు సాహిత్యంకన్న మంచి నిదర్శనం లేదు. భవానీపూర్ బకుల్‌బాగాన్ వీధిలో చిరకాలం నివసించి 1960లో గతించిన రాజశేఖర బసు, ‘పరశురామ్’ అన్న కలంపేరుతో బెంగాలీ హాస్యానికి నిండుదనం తెచ్చినవాడు, నిఘంటుకారుడు, 1958లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందినవాడు. ఆయనకు కీర్తి తెచ్చిన మొదటి కథ 1922 నాటి ‘శ్రీశ్రీసిద్ధేశ్వరీ లిమిటెడ్’. దేవి పేర కంపెనీ పెట్టి వాటాలమ్మిన మోసగాళ్ళ కథ అది. అందులో మార్వాడీ వర్తకుని పేరు గండేరీరామ్ బాట్‌పాడియా. ‘బాట్‌పాడ్’ అంటే దారిదోపిడిగాడు. ఇంటిపేరులోనే నేరం నిర్ణయమైనది. వచ్చీరాని బెంగాలీతో నవ్వు ఖాయమైనది. న్యాయంగా చూస్తే ఆ కథలో మోసానికి సూత్రధారి కాషాయం కట్టిన బెంగాలీ బ్రాహ్మణుడే. రచయిత ఎవరినీ విడిచిపెట్టలేదు. కాని పాఠకులు నూరేళ్ళుగా జ్ఞాపకముంచుకొన్నది గండేరీరాముని యాసను. బ్రాహ్మణుని మోసం ఒక మనిషి మోసంగా మిగిలింది. గండేరీరాముని మోసం మార్వాడీల మోసమైంది. రచయిత తూకం సరిగానే వేసినా, పాఠకుని చేతిలో త్రాసు ముందే ఒకవైపు ఒరిగి ఉన్నది. హాస్యం వ్రాసేవారికి ఇది చిన్న చిక్కు కాదు.

శరత్‌చంద్రుని ‘శ్రీకాంత’ మొదటి భాగం 1917లో పుస్తకంగా వచ్చింది. అందులో ఇంద్రనాథుడు తొలిసారి కనబడే ఘట్టంలో బడి మైదానంలో ఫుట్‌బాల్ ఆట జరుగుతుంటుంది. ఒకవైపు బెంగాలీ పిల్లలు, రెండవవైపు ముసల్మాను పిల్లలని రచయిత చెప్పుతాడు. బెంగాలీ మాతృభాషగా గల ముసల్మానులు లక్షలాదిగా ఉన్న దేశంలో ఈ విభజన ఏమి సూచిస్తుందో తరువాతి పాఠకులు ఎత్తి చూపినారు. రచయిత పక్షం వహించినవారికీ ఒక సమాధానం ఉన్నది: ఆ కథ భాగల్పూరు ప్రాంతానిది, అక్కడి ముసల్మానులు బెంగాలీ మాట్లాడరు, ఆ ఊరి వాడుకనే రచయిత వ్రాసినాడు. ఆ సమాధానం సమంజసమే. ఐతే అసలు విశేషం వేరే ఉన్నది. కలకత్తాలో, ఢాకాలో కూర్చుని ఆ వాక్యాన్ని చదివిన హిందూ పాఠకునికి సంవత్సరాల తరబడి అది తడబాటు కలిగించలేదు. భాగల్పూరు సంగతి జ్ఞాపకముంచుకొని సరిపెట్టుకొన్నాడా? లేదు, అతనికి సరిపెట్టుకోవలసిన అవసరమే కలగలేదు. ముసల్మాను పాఠకుడు మాత్రం అక్కడ ఆగినాడు. ఒక వాక్యంలో దురభిప్రాయం ఉన్నదో లేదో తేల్చడం కష్టమే కావచ్చు. ఎవరు ఆగుతారు, ఎవరు ఆగకుండ సాగిపోతారు అన్నది మాత్రం తేలికగా తెలుస్తుంది.

నలుపు విషయంలోనూ ఇంతే. శరత్‌బాబే 1916లో ‘అరక్షణీయ’లో నల్లపిల్ల పెళ్ళికాక పడిన యాతనను కఠినంగా చిత్రించినాడు. అంతకు ముందు 1900 నాటి ‘క్షణిక’లో రవీంద్రుడు, ఊరివారు నల్లదన్న పిల్లకు కృష్ణకలి అని పేరుపెట్టి, లేడికళ్ళను కొనియాడి, బెంగాలు హృదయంలో నిలిపినాడు. ఆ కవిత చేసిన ఉపకారం కాదనరానిది. అక్కడ కూడ నిర్మాణం అప్యర్థకమేనని గమనించినవారు కొద్దిమంది. ఎంత నలుపైతేనేమి అని ముందు నలుపును ఒప్పుకొని, ఆపైన కళ్ళను మెచ్చుకోవడం అందులోని వరుస. లోకపు తీర్పును ఎదిరించబోయిన మహాకవి కూడ లోకపు వాక్యంలోనుండే బయలుదేరవలసి వచ్చింది. 1975లో మన దేశపు అంగళ్ళకు వచ్చిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ లేపనం 2020లో పేరులోని మొదటి మాటను మార్చుకొన్నది. సీసా మారలేదని వేరే చెప్పాలా?

భవానీపూర్‌లో ‘మద్రాసీ’ అనిపించుకొన్న తెలుగువాడు నొచ్చుకొంటాడు. ఆ నొప్పి నిజమైనది. 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములు ప్రాణాలు విడిచి, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తరువాత కూడ ఆ పేరు వదలలేదంటే విసుగు సహజం. కాని అతడు ఇచ్చే సమాధానాన్ని చెవియొగ్గి వినవలసి ఉన్నది. ‘అందరినీ ఒక గాటకట్టడం తప్పు’ అనడు. ‘మేము అరవవాళ్ళం కాము’ అంటాడు. ఆ ‘అరవ’లో బరువంతా ఉన్నది. తెలుగు తేట, కన్నడ కస్తూరి, అరవం అధ్వాన్నం అని బాల్యంలోనే నేర్చుకొన్న నాలుక అది. అర్థం కాని గందరగోళమంతా తెలుగువారికి అరవగోల. లేక్ మార్కెట్టు కాఫీ అంగడిలో ఇద్దరు తమిళులు తమలో తాము మెల్లగా మాట్లాడుకొంటున్నా అది గోలయే. తనకు తగిలిన దెబ్బను చూపిస్తూ మరొకరిని కొట్టే ఈ చేతివాటం తెలుగువారి సొంతం కాదు, లోకమంతటా ఉన్నది. దెబ్బతిన్నవాడు దెబ్బకొట్టడన్న నమ్మకం మాత్రం తప్పని ఇక్కడ తేలుతుంది. ఇల్బర్ట్ బిల్లునాటి భద్రలోకునికీ, ‘మద్రాసీ’ అనిపించుకొన్న తెలుగు గుమాస్తాకూ చుట్టరికం ఇక్కడనే.

ఇటువంటి తప్పును గూర్చి తెలుగులో ఒక సామెత ఉన్నది: గురివింద గింజ తన క్రింది నలుపెరుగదు. తన లోపం తనకు కనబడదన్న సత్యాన్ని ఇంత క్లుప్తంగా చెప్పిన సామెత మరొకటి అరుదు. కాని ఆ లోపానికి సామెత ఎన్నుకొన్న పేరు నలుపు! తన దురభిప్రాయం తాను చూడలేని మనిషిని ఎత్తిపొడిచే మాటలోనే ఒక దురభిప్రాయం దాగి ఉన్నది. దానిని వాడినవారెవ్వరూ చూడలేదు.

బెంగాలులో నామశూద్రులను పూర్వపు జనాభా లెక్కలలో ‘చండాల’ అన్న పేరుతో నమోదు చేసేవారు. ఆ పేరును తొలగించమని వారు దశాబ్దాలపాటు అర్జీలు పెట్టి, సభలు జరిపి, 1911 లెక్కలనాటికి సాధించినారు. ఒక జాతి తన నెత్తిమీద నుండి దించుకోవడానికి ఒక తరమంతా శ్రమించిన మాట అది. తెలుగునాట ఆ మాట నేటికీ ఉప్మా చెడిపోతే వాడతారు. ‘చండాలంగా ఉన్నది’ అంటారు. రోడ్డునూ అంటారు, సినిమానూ అంటారు, వాతావరణాన్నీ అంటారు. అభ్యుదయ కవుల నోటా అది వినబడుతుంది. ఎవరినీ ఉద్దేశించలేదంటారు. ఉద్దేశించకపోవడమే దాని చరిత్ర: వాడేవారికి ఎదుట మనిషే లేకుండ పోయినంత కాలం ఆ మాట నడిచింది.

1871 నాటి నేరస్థ తెగల చట్టం పుట్టుకతోనే మనుషులను దొంగలన్నది. బెంగాలులో లోధాలు, తెలుగు దేశంలో ఎరుకలవారు దాని వాత పడినారు. బాపట్ల దగ్గర 1913లో సాల్వేషన్ ఆర్మీవారి పర్యవేక్షణలో ఏర్పడిన ఎరుకల నివాసానికి మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్టు పేరు పెట్టినారు. చట్టం 1952లో రద్దయినది. ముప్పయి తొమ్మిదేళ్ళ తరువాత, 1991లో, ఆ ఊరి పేరుతో ఒక్క సంవత్సరంలోనే రెండు తెలుగు చలనచిత్రాలు వచ్చినవి. ఒకదాని పేరులో పోలీసు స్టేషను ఉన్నది; రెండవదాని పేరులో దొంగలున్నారు. నేటికీ గడుసు పిల్లవానిని ‘స్టువర్టుపురంవాడివా?’ అని నవ్వుతూ అడిగేవారున్నారు. ఆ ఊరిలో పుట్టి బడికి వచ్చిన పిల్లవాడు తన ఊరి పేరు చెప్పడానికి ఎందుకు తటపటాయిస్తాడో ఆ నవ్వేవారికి తోచదు.

తటపటాయింపు ఎంతవరకు పోగలదో బెంగాలు చూసింది. లోధా శబరులలో తొలి పట్టభద్రురాలైన చునీ కోటాల్ 1985లో డిగ్రీ పొందినది. పై చదువుకు చేరిన చోట తన తెగ పేరు పట్టుకొని తనను పదేపదే కించపరచినారని ఆమె ఫిర్యాదు చేసినది. 1992 ఆగస్టులో ఆమె ఆత్మహత్య చేసుకొన్నది. భవానీపూర్ అశుతోష్ కళాశాలలో చదివి, శబరుల కొరకు జీవితంలో అధికభాగం వెచ్చించిన మహాశ్వేతాదేవి ఆ మరణాన్ని మరుగున పడనీయలేదు. చట్టం పోయి నలభై ఏళ్ళయింది. చట్టం నేర్పిన చూపు పోలేదు. చునీ కోటాల్‌ను పొగిడినవారు కూడ ‘లోధా అయినా చదువుకొన్నది’ అనే పొగిడి ఉంటారని ఊహించడానికి పెద్ద సాహసం అక్కరలేదు.

తెలుగు గ్రామాల టీ దుకాణాలలో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతిని పత్రికలు, పౌరహక్కుల సంఘాలు ఇరవయ్యవ శతాబ్దం చివరివరకు, ఆ తరువాత కూడ బయటపెట్టినవి. 1985లో కారంచేడులో ఘోరం మంచినీటి చెరువు దగ్గర మాటతో మొదలైనది. అటువంటి వార్త చదివి పట్టణపు విద్యావంతుడు నివ్వెరపోతాడు, నివ్వెరపాటు నిజమైనదే. పత్రికను మడిచి, వంటింటి గూటిలో విడిగా ఉన్న గ్లాసులో పనిమనిషికి కాఫీ పోయించడం కూడ నిజమైనదే. రెంటికీ మధ్య ఉన్న దారి అతనికి కనబడదు.

ఈ గ్లాసును రవీంద్రుడు 1910లో పుస్తకరూపం పొందిన ‘గోరా’ నవలలో పట్టుకొన్నాడు. ఆచారపరుడైన గోరా, తనను చిన్ననాట సాకిన లఛ్మియా క్రైస్తవురాలైనందున, ఆమె మసలే తల్లి గదిలో మంచినీళ్ళు ముట్టడు. తాను ఐరిష్ దంపతుల బిడ్డనని, ఏ కులానికీ చెందనివాడనని తెలిసిన తరువాత, నవల చివర, లఛ్మియా చేత గ్లాసుడు నీళ్ళు తెప్పించమని తల్లిని అడుగుతాడు. భారతీయ నవలలలో ఇంతటి ముగింపులు కొద్ది. ఐనా ఒక సంగతి మిగిలే ఉన్నది. ఇన్నేళ్ళు తన చేతి నీళ్ళు ముట్టని బిడ్డ ఇప్పుడు అడిగినప్పుడు లఛ్మియా ఏమనుకొన్నది? నవల చెప్పదు. నీళ్ళు తెచ్చేది అప్పుడూ ఆమెయే. 1941లో జాషువ ‘గబ్బిలము’ వ్రాసే నాటికి తెలుగులో ఆ గ్లాసుకు అవతలివైపు నిలబడిన మనిషి తానే మాట్లాడటం మొదలుపెట్టినాడు.

చలనచిత్ర సంభాషణలలో ఒక అలవాటు దశాబ్దాలుగా సాగింది: నాయకుడు కోస్తా చదువరుల భాష మాట్లాడతాడు, రౌడీ, సేవకుడు, హాస్యగాడు తెలంగాణ యాస మాట్లాడతారు. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడటానికి వెనుక ఉన్న గాయాలలో ఇదొకటని ఆ ప్రాంత రచయితలు చెప్పినారు. వ్రాసినవారికి ఆ ప్రాంతంమీద కోపం లేదు. నవ్వు రావాలంటే యాస కావాలనుకొన్నారు, అంతే. బెంగాలీ తెరమీద తూర్పు బెంగాలు యాసతో నవ్వించిన భాను బందోపాధ్యాయ్ ఢాకావాడు. ఆ యాస ఆయన సొంతం, దానితో ఎదుటివారినే ఆటపట్టించేవాడు. నవ్వు ఎవరి నోట పుట్టి ఎవరి మీద పడుతుందన్న దానిలో తేడా అంతా ఉన్నది.

రచయిత పాత్రల నోట దురభిప్రాయాన్ని పలికించకుండ లోకాన్ని చిత్రించలేడు. పాత్ర ‘తురకవాడైనా మంచివాడు’ అనవచ్చు. అనవలసిన పాత్ర అనకపోతే అబద్ధం. చిక్కు కథకుని గొంతులో ఉన్నది. రైలుపెట్టెలో ‘ఒక ఉపాధ్యాయుడు, ఒక గుమాస్తా, ఒక ముసల్మాను’ ఎక్కినారని కథకుడు వ్రాస్తే మూడవవానికి వృత్తి లేదా? మొదటి ఇద్దరికి మతం లేదా? అచ్చుప్రతి దిద్దేటప్పుడు ‘అయినా’, ‘కాని’, ‘ఉన్నప్పటికీ’ అన్న మూడు మాటలున్న చోట్ల ఎర్రసిరా చుక్కపెట్టి, ప్రతి చుక్క దగ్గరా ఏ ఒప్పుదల పాఠకునికి మౌనంగా అందుతున్నదో చూసుకోవడం కష్టమైన పని కాదు. చాలా చోట్ల ఆ మాటను కొట్టివేస్తే వాక్యం నిలబడుతుంది. కొన్ని చోట్ల కూలిపోతుంది; కూలిన వాక్యం దేనిమీద నిలబడి ఉండెనో అప్పుడు తెలుస్తుంది.

అనువాదకునికి వచ్చే చిక్కు ఇంకా సూక్ష్మం. బెంగాలీ నవలలను తెలుగు పాఠకులు తమవిగా చేసుకొని ఎంతో కాలమైంది. చక్రపాణి వంటివారి అనువాదాలతో శరత్‌బాబు తెలుగు రచయిత అన్నంతగా ఇంటింటా చేరినాడు. ఆ నవలలలోని ‘ఉడే ఠాకూర్’ను తెలుగులోకి ఎలా తేవాలి? ‘ఒరియా వంటవాడు’ అని తెస్తే మర్యాదగా ఉంటుంది. భవానీపూర్ వంటింటిలోని చిన్నచూపు మాత్రం దారిలో జారిపోతుంది. తెలుగు పాఠకుడు ఆ ఇంటిని ఉన్నదానికన్న మంచి ఇల్లనుకొంటాడు. దానికి సమానమైన తెలుగు ఈసడింపు ఒకటి వెదికి పెడితే, అనువాదకుడు తన ఊరి విషాన్ని పరాయి ఊరి గిన్నెలో పోసినవాడవుతాడు. ‘ఉడే’ అన్న మాటను అలాగే ఉంచి, మొదటిసారి వచ్చిన చోట అది ఎవరిని, ఎవరు, ఏ స్వరంతో అన్నారో వాక్యంలోనే తెలియనిచ్చి సాగిపోవడం మేలు. పాఠకుడు అక్కడ ఒక్క క్షణం ఆగుతాడు. మూలంలో బెంగాలీ పాఠకుడు ఆగని చోట అది.